533201: ఒక పిన్‌కోడ్‌లోని గణితం

పరిచయం

అమలాపురానికి ఉత్తరం రాస్తే చిరునామా చివర 533201 అని వేస్తాం. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్ పద్ధతిలో ఇది ఊరికి ఒక గుర్తు మాత్రమే. అయితే గుర్తుగా వాడినా అది పూర్ణసంఖ్యే. దానికీ కొన్ని ధర్మాలు ఉంటాయి. కాగితం, కలం దగ్గర పెట్టుకుని ఈ భాగం చదవండి.

1. ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా?

చివరి అంకె 1 కనుక 2, 5 దీనిని భాగించవు. అంకెల మొత్తం 14 కనుక 3 కూడా భాగించదు. 7 × 11 × 13 = 1001 అని మీకు తెలుసు. 533201 = 533 × 1001 − 332. కాబట్టి 332ను పరీక్షిస్తే చాలు. దానిని 7, 11, 13లలో ఏదీ భాగించదు. తరువాతి ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించి చూడండి. 31తోను, 43తోను శేషం 1 వస్తుంది.

చాలామంది ఇక్కడ విసిగి ఆపేస్తారు. మొదటిసారి నేనూ 43 వద్ద ఆగి, ఇది ప్రధాన సంఖ్యే అనుకున్నాను. అది తొందరపాటు. 730² = 532900, 731² = 534361. కనుక 730 లోపు ప్రధాన సంఖ్యలన్నీ చూడనిదే ఆ మాట అనకూడదు. మరికొంత ముందుకు వెళితే:

533201 = 61 × 8741

8741కి 93 వరకు చూస్తే సరిపోతుంది. 61 కంటే చిన్నవి ముందే తేలిపోయాయి. 61, 67, 71, 73, 79, 83, 89 కూడా భాగించవు. కనుక 8741 ప్రధాన సంఖ్య.

2. రెండు వర్గాల మొత్తం

4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక విధంగా రాయవచ్చు. 61, 8741 రెండూ అటువంటివే:

61 = 6² + 5², 8741 = 79² + 50²

బ్రహ్మగుప్తుని పేరుతో పిలిచే సర్వసమీకరణం ఇది:

(a² + b²)(c² + d²) = (ac ± bd)² + (ad ∓ bc)²

విలువలు ప్రతిక్షేపించండి:

533201 = 724² + 95² = 224² + 695²

3. వెనుకకు నడక

ఇప్పుడు కారణాంకాలు మరచిపోయామనుకోండి. ఒక బేసి సంఖ్యను రెండు విధాల ఇలా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కాదు. ఆయిలర్ ఇంకా ముందుకు వెళ్లి, కారణాంకాలు రాబట్టే దారి చూపాడు. సరి సంఖ్యల భేదం 724 − 224 = 500; బేసి సంఖ్యల భేదం 695 − 95 = 600. వాటి నిష్పత్తి 5 : 6. 5² + 6² = 61. పోయిన కారణాంకం దొరికింది!

గుణించడం తేలిక, విడదీయడం కష్టం. వందల అంకెల సంఖ్యలలో ఈ కష్టాన్నే ఆధారం చేసుకుని 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ రహస్య సందేశాల పద్ధతిని రూపొందించారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కొత్తపేట పిన్‌కోడ్ 533223.
(అ) దాని ప్రధాన కారణాంకాలు కనుక్కోండి.
(ఆ) దానిని రెండు వర్గాల మొత్తంగా రాయగలమా?

జవాబులు: (అ) 3⁴ × 29 × 227. (ఆ) రాయలేము. వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 0 లేదా 1. కనుక రెండు వర్గాల మొత్తానికి శేషం 3 రాదు. 533223కు వచ్చే శేషం 3.

మీ ఊరి పిన్‌కోడ్‌తోనూ ఇదే ప్రయత్నం చేయండి. వర్గమూలం దాకా ఆగకండి.