కుక్క ఒంట్లో గడ్డ: చెయ్యి పట్టేది, సూది తేల్చేది

స్నానం చేయిస్తున్నప్పుడో, గోమార్లు ఏరుతున్నప్పుడో, ఊరికే ఒళ్లు నిమురుతున్నప్పుడో కుక్క చర్మం కింద శనగగింజంత బొడిపె చేతికి తగులుతుంది. ఇంట్లో ఒకరు "కొవ్వు గడ్డేలే, ఏమీ కాదు" అంటారు. ఇంకొకరికి వెంటనే క్యాన్సర్ గుర్తొస్తుంది. ఇద్దరూ చెబుతున్నది ఊహే. ఏళ్ల తరబడి కుక్కలకు వైద్యం చేస్తున్న డాక్టరు కూడా కేవలం చేత్తో నొక్కి చూసి ఆ గడ్డ ఏమిటో కచ్చితంగా చెప్పలేరు. అందులోని కణాలను మైక్రోస్కోపు కింద చూస్తేనే సంగతి తేలుతుంది.

ముందుగా ఊరటనిచ్చే మాట. కుక్కల ఒంటి మీద కనిపించే గడ్డల్లో ప్రాణానికి ముప్పు లేనివే చాలా ఉంటాయి. నడివయసు దాటిన లాబ్రడార్లలో, బరువు పెరిగిన కుక్కల్లో తరచూ వచ్చేది లైపోమా, అంటే కొవ్వు గడ్డ. మెత్తగా ఉంటుంది, వేలితో కదిపితే చర్మం కింద జారుతుంది. ఇతర అవయవాలకు పాకదు. కాలి చంకలో పెరిగి నడకకు అడ్డొస్తేనో, మరీ పెద్దదైతేనో తప్ప తీయించాల్సిన అవసరం రాదు. మూడేళ్ల లోపు కుక్కల్లో ముఖం, చెవులు, కాళ్ల మీద ఎర్రగా, గుండ్రంగా, వెంట్రుకలు రాలిపోయి ఉబికే హిస్టియోసైటోమా చాలాసార్లు రెండు మూడు నెలల్లో తనంతట తానే కరిగిపోతుంది. పిల్లకుక్కల నోట్లో వైరస్ వల్ల వచ్చే పులిపిర్లూ అంతే. ఒంట్లో రోగనిరోధక శక్తి పుంజుకున్నాక రాలిపోతాయి.

కొన్నయితే కణితులే కావు. రక్తం తాగి ఉబ్బిన గోమారి వేలికి అచ్చం చిన్న గడ్డలాగే తగులుతుంది. వేరే కుక్క కరిచిన చోట నాలుగు రోజులకు చీము పడుతుంది. టీకా వేసిన చోట బొడిపె కట్టి కొన్ని వారాలకు తగ్గుతుంది. చెవి దురదకు అదే పనిగా తల విదిలిస్తే చెవి డొప్పలో రక్తం చేరి మొత్తం ఉబ్బిపోతుంది.

ఇన్ని మామూలు గడ్డల మధ్య అసలు ప్రమాదం దాక్కుంటుంది. కుక్కల చర్మానికి వచ్చే ప్రాణాంతక కణితుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మాస్ట్ సెల్ ట్యూమర్. దీనికి తనదంటూ ఒక రూపం లేదు. కొవ్వు గడ్డలా మెత్తగా ఉండొచ్చు, పులిపిరిలా ఉండొచ్చు, దోమ కాటు దద్దురులా ఎర్రగానూ ఉండొచ్చు. పైగా ఇవాళ ఉబ్బి రేపు తగ్గుతుంది. అది చూసి "తగ్గిపోతోందిలే" అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండిపోతారు. నిజానికి ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలినప్పుడు చుట్టూ వాపు వస్తుంది, తర్వాత దిగుతుంది. అదే హిస్టమిన్ పొట్టలో ఆమ్లాన్ని పెంచి పుండ్లు తెస్తుంది, వాంతులు, నల్లటి విరేచనాలు మొదలవుతాయి. అందుకే ఏ గడ్డనూ పదే పదే పిసకకూడదు. బాక్సర్లు, లాబ్రడార్లు, పగ్‌లలో ఈ కణితి ఎక్కువ. పగ్ కనిపించిన హచ్ ఫోన్ కంపెనీ ప్రకటన తర్వాత మన ఊళ్లలోనూ పగ్‌లను ముచ్చటపడి తెచ్చుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి కనుక ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

ఆడకుక్కల విషయంలో పొట్ట కింద రెండు వరుసల్లో ఉండే చన్నులను ప్రత్యేకంగా తడిమి చూడాలి. సాధారణంగా ఐదు జతలుంటాయి. వెనక కాళ్ల వైపున్న చివరి రెండు జతల్లో గడ్డలు ఎక్కువగా వస్తాయి. అలా వచ్చిన కణితుల్లో సుమారు సగం క్యాన్సరే. దీన్ని చాలావరకు ముందే తప్పించుకునే దారి ఉంది. గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్ మొదటిసారి ఎదకు రాకముందే చేయిస్తే, చేయించని కుక్కలతో పోల్చినప్పుడు ముప్పు 0.5 శాతానికి, ఒకసారి ఎదకు వచ్చాక చేయిస్తే 8 శాతానికి, రెండుసార్లు వచ్చాక చేయిస్తే 26 శాతానికి తగ్గుతుందని 1969లో అమెరికాలో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. ఆ అంకెల కచ్చితత్వం మీద తర్వాతి పరిశోధకులు సందేహాలు లేవనెత్తారు. పెద్ద జాతుల్లో మరీ చిన్న వయసులో ఆపరేషన్ చేస్తే కీళ్ల సమస్యలు రావచ్చన్న ఆలోచనా ఉంది. కాబట్టి ఏ వయసులో చేయించాలో ఆ కుక్కను చూసిన డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

మన వీధుల్లో తిరిగే కుక్కలను తెచ్చి సాకేవాళ్లు తెలుసుకోవాల్సిన వింత కణితి మరొకటి ఉంది. దాని పేరు టీవీటీ (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్). జననాంగం దగ్గర కాలీఫ్లవర్ ముక్కలా ఎర్రగా పెరిగి నెత్తురు కారుతుంది. నాకడం, వాసన చూడటం వల్ల ముక్కుకు, నోటికి కూడా రావచ్చు. మామూలుగా క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఇది మాత్రం జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుంటుంది. అంటుకునేది వైరస్ కాదు, క్యాన్సర్ కణాలే వెళ్లి కొత్త ఒంట్లో నాటుకుంటాయి. వేల ఏళ్ల కిందట బతికిన ఒకే ఒక్క కుక్క ఒంట్లో పుట్టిన కణాలే ఇప్పటికీ ప్రపంచమంతా తిరుగుతున్నాయని జన్యు పరిశోధనలు తేల్చాయి. రష్యాకు చెందిన పశువైద్యుడు నోవిన్‌స్కీ 1876లోనే ఈ కణితిని ఒక కుక్క నుంచి మరో కుక్కకు నాటి చూపించాడు.

చూడటానికి భయపెట్టినా ఇది మందుకు లొంగే జబ్బు. వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున కొన్ని వారాలు ఇస్తే ఎక్కువ కుక్కల్లో పూర్తిగా నయమవుతుంది. ఆ మందు మూలం మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు మొక్క. అలాగని ఆకు పసరు పట్టించకూడదు, అది విషం. శుద్ధి చేసిన మందును కూడా డాక్టర్లు బరువు చూసి, రక్త పరీక్షలు చేయించి, నరంలోకే ఎక్కిస్తారు.

దవడ కింద, భుజాల ముందు, వెనక మోకాళ్ల వెనుక రెండు వైపులా ఒకేసారి బిళ్లలు కడితే అవి లింఫ్ గ్రంథులు. గోమార్ల వల్ల వచ్చే జ్వరంలోనూ అవి ఉబ్బుతాయి, లింఫోమా అనే క్యాన్సర్‌లోనూ ఉబ్బుతాయి. రెండిటికీ వైద్యం వేరు కనుక పరీక్ష తప్పనిసరి.

ఆ పరీక్ష చాలా చిన్నది. మామూలు ఇంజెక్షన్ సూదిని గడ్డలోకి గుచ్చి కాసిన్ని కణాలు తీసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూస్తారు. చాలా కుక్కలకు మత్తు కూడా అక్కర్లేదు. నూనె బొట్లు కనిపిస్తే కొవ్వు గడ్డ. ఊదా రంగు రేణువులతో నిండిన కణాలు కనిపిస్తే మాస్ట్ సెల్ ట్యూమర్. కణాలు సరిపడా రాకపోతే చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపుతారు. గడ్డ బఠానీ గింజంత, అంటే ఒక సెంటీమీటరు ఉండి, నెల రోజులుగా పోకుండా ఉంటే సూది పరీక్ష చేయించాల్సిందేనని అమెరికన్ పశు క్యాన్సర్ వైద్యురాలు స్యూ ఎటింగర్ ప్రచారం చేస్తున్నారు. త్వరగా పెరుగుతున్నా, పుండు పడినా, నెత్తురు కారుతున్నా నెల దాకా కూడా ఆగకూడదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి. ఊళ్లో సౌకర్యం లేకపోతే డాక్టరును అడిగి అక్కడికి తీసుకెళ్లవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లేలోపు ఇంట్లో చేయాల్సింది కొంచెమే. పక్కన రూపాయి బిళ్ల పెట్టి గడ్డ ఫొటో తీయాలి, తేదీ, చోటు రాసుకోవాలి. సున్నం, పసుపు పట్టించడం, దారం కట్టడం, వాత పెట్టడం వంటివి చేస్తే పుండు పడి రోగం గుర్తించడం కష్టమవుతుంది. మనుషులకు వాడే ఐబుప్రొఫెన్ కుక్క పొట్టకూ, మూత్రపిండాలకూ చేటు చేస్తుంది. పరీక్షకు ముందే స్టెరాయిడ్లు వాడితే లింఫోమా, మాస్ట్ సెల్ కణితులు తాత్కాలికంగా కుంచించుకుపోయి అసలు జబ్బు మరుగున పడుతుంది.

ఆపరేషన్ చేసి గడ్డ తీయించేవాళ్లు మరో విషయం మరచిపోకూడదు. తీసిన ముక్కను పారేయకుండా ఫార్మలిన్‌లో వేసి ల్యాబుకు పంపమని ముందే అడగాలి. ఆ కణితి ఎంత తీవ్రమైనదో, కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయో లేదో ఆ రిపోర్టులోనే ఉంటుంది. మిగిలాయని వస్తే మళ్లీ ఆపరేషన్ చేయాలా, మందులు మొదలుపెట్టాలా అన్నది డాక్టరుతో అప్పుడే మాట్లాడుకోవాలి. అక్కడే ఇంకో గడ్డ తేలేదాకా ఎదురుచూస్తే చికిత్స మరింత కష్టమవుతుంది.