కాలయంత్రమునకు బాలప్రయాణికులు

బాలురకు కథ చెప్పుట సులభమనియు, పెద్దలకు చెప్పుటయే కష్టమనియు లోకమున నొక భ్రమ యున్నది. కథ విసుగు పుట్టించినచో పెద్దవాడు మొగమాటమునకైనను కూర్చుండును, పిల్లవాడు లేచిపోవును. ఇక నా కథ ఒక్కనాటితో ముగియక, ఇరువది ముప్పది యేండ్లుగా, ఒక్కొక్కప్పుడు అర్ధశతాబ్దికి మించి సాగుచు వచ్చునదైనచో చిక్కు మరింత పెరుగును. మొదటి భాగమును చూచిన పిల్లలు తండ్రులగుదురు, తాతలగుదురు. వారు పాతదానిని మార్చనీయరు. వారి పిల్లలకా, పాతది తెలియనే తెలియదు. ఈ యుభయులను ఒక్క బల్లపై కూర్చుండబెట్టుట యెట్లు? వైజ్ఞానిక కల్పన యను పేర సినిమాలలోను టెలివిజన్‌లోను విస్తరించిన కథామాలికల నిర్మాతలను వేధించు ప్రశ్న యిది. ఇటీవల తెలుగు చలనచిత్రములకును ఇది యెదురైనది. పిల్లలకు మొదట చేరునవి ఆ కథలు, ఆ పిమ్మటనే మన పాఠములు. కనుక ఉపాధ్యాయులు దీనిని తమకు సంబంధింపని విషయముగా తలపరాదు.

ముందుగా పరదేశపు ముచ్చట యొకటి. 1963 నవంబరు 23వ తేదీ సాయంకాలము బి.బి.సి. టెలివిజన్ ‘డాక్టర్ హూ’ అను ధారావాహికను ఆరంభించెను. ముహూర్తము మంచిది కాదు. ముందుదినముననే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హతుడై యుండెను. లోకమెల్ల ఆ వార్తలో మునిగి యుండెను. అందుచే మరుసటి వారము మొదటి భాగమును మరల చూపి, ఆ వెంటనే రెండవదానిని ప్రసారము చేయవలసివచ్చెను. పేరు తెలియని వృద్ధు డొకడు, ‘డాక్టర్’ అని మాత్రమే పిలువబడువాడు, వెలుపలికి పోలీసు టెలిఫోను పెట్టెవలె చిన్నదిగా కనబడుచు లోపల భవనమంత విశాలమైన యంత్రములో కాలమునందును, ఆకాశమునందును సంచరించుట ఇందలి కథ. ఆయనతో తొలి ప్రయాణమునకు బయలుదేరినవారు సైనికులు కారు, శాస్త్రవేత్తలును కారు. ఒక పాఠశాలలోని ఇరువురు ఉపాధ్యాయులు! సైన్సు చెప్పు ఇయాన్ చెస్టర్టన్, చరిత్ర చెప్పు బార్బరా రైట్. వారి విద్యార్థిని సూసన్ అప్పటికే ఆ యంత్రమున నున్నది. ఆమె ఆ వృద్ధుని మనుమరాలు. యంత్రము వెనుకకు పోయినప్పుడు చరిత్ర పంతులమ్మకును, ముందుకు పోయినప్పుడు సైన్సు మాస్టారుకును పని కల్పింపవలెనని నిర్మాతల యెత్తుగడ.

ఈ ధారావాహికకు మూలపురుషుడైన సిడ్నీ న్యూమన్‌కు గ్రహాంతర భూతములనిన కిట్టదు. అట్టివి తన కార్యక్రమములో ఉండరాదని ఆయన పట్టుదల. కాని ఆ డిసెంబరులోనే లోహపు గాదెలవలె దొర్లుచు వచ్చు డాలెక్కులు ప్రవేశించినవి. ఇంగ్లండులోని బడి పిల్లలు వాని బొంగురు గొంతుకను అనుకరించుచు ఆటస్థలములలో తిరుగజొచ్చిరి. ఉపాధ్యాయులను చూచి తల్లిదండ్రులు కార్యక్రమమును మెచ్చిరి. భూతములను చూచి పిల్లలు కదలక కూర్చుండిరి. రెండింటిలో ఏది యెక్కువ మేలు చేసెననుట కష్టము. నా మట్టుకు నాకు, భయపెట్టు దినుసు కొంచెమైనను లేని బాలకథ ఉప్పు లేని పప్పే.

1966లో ప్రధాన నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము చెడెను. కథ ముగియవలసినదే. అప్పుడు నిర్మాతలు చేసిన ఉపాయము చిత్రమైనది: డాక్టరు చనిపోడు, దేహము మార్చుకొనును! పాట్రిక్ ట్రౌటన్ అను వేరొక నటుడు అదే పాత్రగా లేచి నిలిచెను. జీర్ణవస్త్రములను విడిచి క్రొత్తవి కట్టినట్లని గీత చదివినవారికి తోచక మానదు. నాటి యవసరము తరువాత ఆ కథకు ప్రాణాధారమైనది. ప్రతి తరమునకు తన డాక్టరు తన కుండెను. 1989లో నిలిచిపోయిన ధారావాహిక 2005లో మరల లేచెను. 2007లో దానికి బాలుర కొరకు ప్రత్యేకమైన శాఖ యొకటి కట్టిరి: ‘ది సారా జేన్ అడ్వెంచర్స్’. 1970 ప్రాంతములలో డాక్టరు వెంట తిరిగిన సారా జేన్, వయసు మీరిన పిమ్మట, తన వీథిలోని పిల్లలను వెంటబెట్టుకొని వింతలను శోధించును. నానమ్మ చెప్పు పాత కథలోని మనిషి యెదుట కూర్చున్నట్లే గదా! ఆ పాత్రధారిణి ఎలిజబెత్ స్లేడన్ 2011లో మరణించుటతో అది ముగిసినది.

1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ వారును 2021లో ‘ప్రాడిజీ’ అను బొమ్మల ధారావాహికతో ఇట్టి యత్నమే చేసిరి. గనులలో బానిసలుగా నున్న పిల్లలకు పాడుపడిన అంతరిక్ష నౌక యొకటి దొరకును. అది యెవరిదో, ఎట్లు నడపవలెనో వారికి తెలియదు; చూచు పిల్లలకును తెలియదు. ఇరువురును కలిసియే నేర్చుకొందురు. అరువదేండ్ల పూర్వకథ తెలియకపోవుట అడ్డు కాక ఆకర్షణమైనది. ఈ రెండింటను గమనింపదగిన దొక్కటే. కథను చిన్నదిగా చేయలేదు, మాటలను ముద్దుముద్దుగా మార్చలేదు. ప్రయాణికుని ఆసనమునుండి పిల్లవానిని లేపి సారథి ఆసనమున కూర్చుండబెట్టిరి.

ఇక మన యింటి సంగతి.

‘మాయాబజార్’ 1957లో వచ్చినప్పుడు దర్శకుడు కె.వి. రెడ్డిగారి శిష్యులలో సింగీతం శ్రీనివాసరావు అను యువకు డుండెను. కోరిన వారి రూపమును చూపు ఆ చిత్రములోని ప్రియదర్శిని పెట్టెను నేటి పిల్లలు చూచి ‘ఇది లాప్‌టాప్ గదా’ యనుట సహజము. అదే శిష్యుడు 1991 జూలై 18న ‘ఆదిత్య 369’ అను చిత్రమును విడుదల చేసెను. కాలయంత్రమను భావమునకు మూలము హెచ్.జి. వెల్స్ 1895లో ప్రకటించిన నవల. కాని వెల్స్ తన యాత్రికుని ఏకముగా ఎనిమిది లక్షల యేండ్లు ముందుకు పంపెను. సింగీతంవారు అట్లు చేయలేదు. మొదట హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో బడిపిల్లవాని చేత వజ్రపు దొంగతనమును చూపించిరి. పిదప యంత్రమును 1526వ సంవత్సరపు విజయనగరమునకు నడిపించిరి. అచ్చట శ్రీకృష్ణదేవరాయలు, తెనాలి రామకృష్ణుడు! తెలుగు బాలునకు వాచకములలో ఎన్నడో పరిచయమైనవారే. ఆ తరువాతనే 2504వ సంవత్సరము. అణుయుద్ధముచే భూమి పాడై, మానవులు నేలక్రింద బ్రతుకు కాలము. తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపింపుమని బోధనాభ్యసన శాలలలో మనము వల్లించు సూత్రమును ఇంత చక్కగా ఆచరించిన సినిమా మరియొకటి నాకు కనబడలేదు. పాటలు, పోరాటములు కొంత నిడివి తినినమాట నిజమే.

ఆ చిత్రమును 2025 ఏప్రిలు 4న బొమ్మను, ధ్వనిని శుభ్రపరచి మరల విడుదల చేసిరి. 2010లో మాయాబజారుకు రంగులద్దినప్పుడును ఆశ యిట్టిదే: క్రొత్త తరము వచ్చునని. రంగు పిల్లవానిని తలుపు దాక తేగలదు. లోపల కూర్చుండబెట్టవలసినది కథయే. నేటి బాలుడు 1991 నాటి యంత్రమును చూచి నవ్వవచ్చును. రాయల సభలో ఆధునికుడు చిక్కుకొనిన ఘట్టమున మాత్రము అతడు నవ్వుట ఆ యంత్రమును చూచి కాదు.

తెలుగువారి ‘కల్కి 2898 ఏ.డి.’ 2024 జూన్ 27న వచ్చినది. దర్శకుడు నాగ్ అశ్విన్. నిర్మించినది వైజయంతీ మూవీస్. ఒక చిత్రముతో ముగియునది కాక పెక్కు భాగముల కథామాలికగా దీనిని సంకల్పించిరి. కాబట్టి పిల్లలను మొదటినుండియే కూడగట్టవలసి వచ్చెను. పెద్ద చిత్రమునకు నాలుగు వారముల ముందు, మే 31న, ‘బుజ్జి అండ్ భైరవ’ అను రెండు భాగముల బొమ్మల కథను ఇంటి తెరలకు పంపిరి. దానికి చేయి కలిపినది ‘ఛోటా భీమ్’ను 2008లో సృష్టించిన హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డ్. బుజ్జి యనునది మూడు చక్రముల వింతబండి; ముందు రెండు, వెనుక నొక గోళాకారము. బరువు ఆరు టన్నులట. దానిని నిజముగానే తయారుచేయించి ఊరూర త్రిప్పిరి. దాని గొంతుక కీర్తి సురేష్‌ది.

బండిని చూచుటకు పిల్లలు మూగుట వింత కాదు. రోడ్డురోలరు వచ్చినను మూగుదురు. విశేషము పేరులో నున్నది. తెలుగింట బుజ్జి యని పిలువబడని పసివా డుండడు. మరియు ఈ బుజ్జి మొదట శరీరము లేని బుద్ధి మాత్రమే. తనకు తగిన ఒడలు కావలెనని దాని తపన. భైరవుడు దానికి బండిని కట్టి యిచ్చును. త్వరగా పెద్దవాడను కావలెనని తపించుట పిల్లవాని నిత్యావస్థ గదా. లోహమునకు ఆ తపన నిచ్చినవాడు పిల్లలను ఎరిగినవాడే. అయితే మూడు గంటల పెద్ద చిత్రములో బుజ్జికి దొరకిన చోటు కొంచెము. పోరాటములది పెద్ద వాటా. మగపిల్లవాని వేషమున తిరుగుచు ప్రాణములు కాచుకొను రాయా యను బాలిక యున్నది. అశ్వత్థామ యంతటి చిరంజీవి యెదుట నిలుచు ఆ పిల్లకు ఇంకను పని కల్పించి యుండవచ్చును. బండిని చూచి ముచ్చటపడు పిల్లలకంటె, ఆ పిల్ల స్థానమున తానున్నట్లు ఊహించుకొను పిల్లలే రేపటి భాగములకు వత్తురని నా నమ్మకము.

ఈ చిత్రపు టంకెలను తరగతిలో పెట్టి చూడవచ్చును. క్రీస్తుపూర్వము 3102లో కలియుగము ఆరంభమైనదని సంప్రదాయము. దానికి 2898ని చేర్చిన సరిగా 6000 వచ్చును. కాని క్రీస్తుశకములో సున్న సంవత్సరము లేదు గనుక నిజమునకు గడచునవి 5999 యేండ్లే! ఇంకొకటి. పురాణగణనమున కలియుగము 4,32,000 సంవత్సరములు. కల్కి వచ్చుట దాని చివర. సినిమా ఆయనను నాలుగు లక్షల ఇరువది యారువేల యేండ్లు ముందుగా పిలిచినది. కథకునకు ఆ స్వేచ్ఛ యుండవచ్చును. పిల్లలు మాత్రము లెక్క కట్టుదురు. కట్టనిండు.

కల్కి శంబల గ్రామమున జన్మించునని చెప్పు భాగవత ద్వాదశ స్కంధమును తెనిగించినవాడు పోతన శిష్యుడు వెలిగందల నారయ. పోతనదని ప్రసిద్ధమైన బమ్మెర మన జనగామ జిల్లాలోనిదే. స్టేషన్ ఘనపూర్‌లో రైలు దిగినవారికి దూరము కాదు. ఆ పోతన తెనిగించిన నవమ స్కంధమున రైవతుని కథ యున్నది. కూతురు రేవతికి వరుని అడుగుటకై ఆయన బ్రహ్మలోకమునకు పోవును. అచ్చట సంగీతము జరుగుచున్నది, కొంతసేపు వేచియుండును. అడుగబోగా బ్రహ్మ నవ్వి, ఈలోపల ఇరువదియేడు మహాయుగములు గడచినవనియు, నీవు తలచిన వరుల మనుమల పేర్లును వినరావనియు చెప్పి, బలరామునకు ఇమ్మని పంపును. 27 మహాయుగము లనగా 11,66,40,000 సంవత్సరములు. వెల్స్ యాత్రికుడు ఎంత చిన్న ప్రయాణము చేసెనో చూడుడు!

ఇచ్చటనే గురువునకు చిక్కు. ‘అయినచో మనవారికి ఐన్‌స్టీన్ సిద్ధాంతము ముందే తెలియునా?’ యని పిల్లవాడు అడుగును. అవునని చప్పట్లు కొట్టించుట సులభము. కట్టుకథ యని త్రోసివేయుట అంతకంటె సులభము. మొదటిదానిచే సైన్సు పోవును, రెండవదానిచే కథ పోవును. వేగముగా పోవువానికి కాలము నెమ్మదిగా గడచునని ఐన్‌స్టీన్ 1905లో గణితముచే చూపెను. 1971లో అణుగడియారములను విమానములపై భూమి చుట్టును త్రిప్పి పరీక్షించిరి. సెకనును నూరుకోట్ల భాగములు చేసినచో అందు కొన్ని పదుల, వందల భాగముల భేదము తేలినది, లెక్కకు సరిపోవునట్లే. రైవతుని కథలో వేగము లేదు, గడియారము లేదు, కొలత లేదు. కాలము అందరికి నొక్కటే కానక్కరలేదను సాహసోపేతమైన ఊహ యున్నది. ఊహ వేరు, కొలత వేరు అని చెప్పగల సందర్భము ఇంత తేలికగా మరల దొరకదు. పిల్లవా డప్పటికే బుజ్జిని చూచి వచ్చియున్నాడు. కాలమను మాటపై అతని చెవి నిలిచియున్నది. ‘ఎట్లు?’ అను ప్రశ్నను ఆ సమయమున త్రుంచినచో అతడు సినిమాకు మానడు, ప్రశ్నించుటను మానును.

తెలుగు కాలయంత్రము ఇంతవరకు హంపికి పోయినది, కాశికి పోయినది. ఘనపురమను పేరుగల ఊళ్లు మన ప్రాంతమున ఒకటికంటె నెక్కువ యున్నవి. వానిలో భూపాలపల్లి జిల్లాలోని ఘనపురమున కాకతీయుల నాటి కోటగుళ్లు ఇరువదికి పైగా నొక్క ప్రాకారములో నున్నవి. కొన్ని శిథిలములు, కొన్ని నిలిచినవి. 1199 మొదలు 1262 వరకు ఏలిన గణపతిదేవుని కాలమునకు యంత్రము నచ్చట ఆపినచో ఎన్ని చిక్కులు! దిగినవారు మాటలాడు తెలుగు ఆనాటివారికి అర్థమగునా? జేబులోని రూపాయి నెవరు తీసికొందురు? చెరువు కట్ట వేయుచున్న కూలీలు, రాయి చెక్కుచున్న శిల్పి వీరిని చూచి ఏమందురు? మిరపకాయ యెరుగని అన్నమును వీరెట్లు తిందురు? ఏ నిర్మాతయు అడుగక ముందే ఒక తరగతి పిల్లలు ఈ ప్రశ్నలకు జవాబులు వెదకి వ్రాయగలరు. గణపేశ్వరాలయము ఎదుట ఆ యంత్రపు తలుపు తెరచుకొన్నప్పుడు ముందుగా దిగవలసినది ఏడవ తరగతి చదువుచున్న పిల్ల. మాస్టారు ఆమె వెనుక దిగును.