రాతిపై పచ్చదనము

మొక్క యనగానే మట్టి స్ఫురించును. వేరు మట్టిలో దిగవలెను, అందలి సారమును పీల్చి ఆకునకు పంపవలెను. పాఠశాలలో మనము నేర్చిన ప్రథమపాఠమిది. ఈ పాఠమునకు లొంగని మొక్కలును కొన్ని కలవు. ఇంటిలోని గాజుతొట్టిలో, రంగుచేపల నడుమ, మట్టి సోకని రాతిని పట్టుకొని అవి పచ్చగా పెరుగును. ఆగ్నేయాసియా సెలయేళ్లలోని జావా ఫెర్న్, పశ్చిమాఫ్రికా వాగులలోని అనూబియస్ వీనిలో ముఖ్యములు. 1857లో ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు షాట్ ఈ రెండవదానికి ప్రాచీన ఈజిప్టువారి పరలోకదేవత పేరు పెట్టెను. నీడపట్టున పెరుగు మొక్కకు ఆ పేరు తగియే యున్నది.

వీనికి వేళ్లు లేకపోలేదు. అయితే వాని ముఖ్యమైన పని పట్టుకొనుటయే. ఆహారమును చాలవరకు ఆకులే నీటినుండి గ్రహించును. చేపల విసర్జనములనుండి వచ్చు నత్రజని, భాస్వరములే వీనికి ఎరువు. మామిడికొమ్మపై మొలచిన బదనిక ఆ చెట్టు రసమును త్రాగి బ్రదుకును. ఈ మొక్కయో, రాతిని నిలుచుటకు చోటు మాత్రమే కోరును.

వేళ్లకు పైన అడ్డముగా ప్రాకు కాండమొకటి యుండును. జగిత్యాల, మెట్‌పల్లి రైతులెరిగిన పసుపుకొమ్ము వంటిదే ఇదియు. కాని పసుపుకొమ్మును పాతిననే పంట. దీనిని పాతిన కుళ్లును. క్రొత్తగా తొట్టి పెట్టినవారిలో పలువురు దీనిని ఇసుకలో పూడ్చి, తరువాత మొక్క చచ్చెనని వగతురు.

చేయవలసినది స్వల్పము. గరుకైన రాతిపై కాండమునుంచి, నలుగకుండ నూలుదారముతో చుట్టవలెను. కొన్ని వారములకు దారము చివికిపోవును. అప్పటికి వేళ్లు రాతి గరుకును పట్టుకొనియుండును. సయనోఅక్రిలేట్ జిగురు చుక్కతో అంటించుటయు కలదు. వెలుగు దినమునకు 6 నుండి 8 గంటలు చాలును. అంతకు మించిన, నిదానముగా పెరుగు ఈ ఆకులపై నాచు పట్టును. జావా ఫెర్న్ ఆకు అడుగున నల్లని చుక్కలు వరుసగా కనబడిన, తెగులని త్రుంచరాదు. అవి సిద్ధబీజముల గుంపులు.

రాతిని ఎన్నుకొనుట మన ప్రాంతమువారికి భూగోళపాఠము వంటిది. కరీంనగరపు గుట్టల గ్రానైటు విదేశములకు సైతము పోవుచున్నది. అందలి ఖనిజములు తొట్టినీటిని మార్చవు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని దేవాపూరు సిమెంటు పరిశ్రమకు ఆధారము సున్నపురాయి. దానిని తొట్టిలోనుంచిన, మెల్లగా కరగి నీటి కాఠిన్యమును పెంచును. ఈ మొక్కలు దానిని కొంత ఓర్చుకొనును. మృదుజలమునకు అలవడిన చేపలకు కష్టము. కావున ముందుగా రాతిపై నాలుగు చుక్కల వినెగారు వేసి చూడుడు. బుడగలు లేచిన అది సున్నము గల రాయి. ఆ బుడగలు బొగ్గుపులుసు వాయువు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. పెరిగి మిగిలిన మొక్కలను గాని, మార్చిన నీటిని గాని చెరువులో పారవేయరాదు. దక్షిణ అమెరికాలో పుట్టిన గుర్రపుడెక్కను 19వ శతాబ్ది చివర పూవు సొగసు చూచి మన దేశమునకు తెచ్చిరి. అది నేడు ఎన్ని చెరువులను కప్పివేసినదో చూచుచునే యున్నాము. కాకతీయుల కాలమునుండి చెరువును నమ్ముకొని బ్రదికిన నేల మనది. ఒక తొట్టి ముచ్చట ఒక ఊరి నీటికి ముప్పు కారాదు. మిగిలిన మొక్కను ఎండబెట్టి ఎరువులో కలుపుడు. తొట్టినీటిని పూలకుండీలకు పోయుడు, అది వానికి మంచి సారము.

ఉపాధ్యాయులు తరగతిలో ఇట్టి తొట్టి నొకదానిని నిలిపిన మేలు. క్రొత్త ఆకు పుట్టిన దినమును, వేరు రాతిని పట్టిన దినమును విద్యార్థులు వ్రాసికొనవలెను. ఆకునకు ఆకునకు నడుమ వారములు గడచును. అంతకాలము ఓపికతో కనిపెట్టి చూచుటయే ఇందలి చదువు.