పదమూడో రౌండు లెక్క

2019 డిసెంబర్ 28, ఢిల్లీ. రింగులో ఒక మూల ఆరుసార్లు ప్రపంచ విజేత, ముప్పై ఆరు దాటిన మణిపూర్ మేరీ కోమ్. ఇంకో మూల నిజామాబాద్ నిఖత్ జరీన్, ఇరవై మూడేళ్ళ పిల్ల. ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలో తేల్చే ట్రయల్ అది. మేరీ 9-1తో గెలిచింది. రెండున్నరేళ్ళు తిరగకముందే, 2022 మే 19న, నిఖత్ ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జుటామాస్ జిట్‌పాంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. మరుసటేడు ఢిల్లీలో మళ్ళీ అయింది.

ఇక పంచాయితీ మొదలు. 2010 నాటి మేరీని, 2022 నాటి నిఖత్‌ను ఒకే రింగులో నిలబెడితే ఎవరు గెలుస్తరు? నిజామాబాద్‌లోనే కాదు, జగిత్యాల, కరీంనగర్ దిక్కు కూడా నలుగురు కూర్చున్న చోట ఈ మాట లేస్తే ఛాయ్ చల్లారేదాకా తెగదు. "వాళ్ళు కొట్లాడిండ్రు కదా, 9-1 గదా" అని ఒకరంటారు. "అప్పటికి పిల్ల ఇంకా తయారు కాలే" అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఇది తగాదాగా కాక లెక్కగా చూడదగ్గ విషయం.

ఈ లెక్కను మొట్టమొదట యంత్రానికి అప్పజెప్పినవాడు మర్రే వొరోనర్ అనే అమెరికా రేడియో నిర్మాత. 1967లో ఆయన పేరుమోసిన హెవీవెయిట్ చాంపియన్లను ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌లోకి ఎక్కించి, రేడియోలో టోర్నమెంటు నడిపాడు. బాక్సింగ్ విలేఖరులను, నిపుణులను అడిగి ఒక్కొక్క యోధుడి వేగానికి, దెబ్బకు, ఓర్పుకు, గాయాలు తట్టుకునే గుణానికి మార్కులు వేయించాడు. ఆ మార్కులను యంత్రం కలిపి, గుణించి, ఒక్కో రౌండు ఫలితం తేల్చింది. అందులో ముహమ్మద్ అలీ 1900ల నాటి జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడాడు. అలీ ఊరుకోలేదు, పది లక్షల డాలర్ల దావా వేశాడు.

రాజీ కుదిరింది. దాని ఫలమే 1969 వేసవిలో మయామిలో తీసిన సినిమా. అలీకి అప్పుడు 27 ఏళ్ళు. సైన్యంలో చేరనన్నందుకు పట్టం ఊడబెరికి ఇంట్లో కూర్చోబెట్టారు. ఎదురు నిలిచిన రాకీ మార్సియానోకు 45. ఆడిన 49 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా 1956లో విరమించినవాడు. బరువు దించుకుని, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. ఒక్కో నిమిషం చొప్పున డెబ్బై దాకా రౌండ్లు ఉత్తుత్తిగా కొట్టుకున్నారు. ముగింపులు మాత్రం రకరకాలుగా తీశారు. ఏది తెర మీదికొస్తుందో ఇద్దరికీ తెలియదు. షూటింగ్ అయిన కొన్నాళ్ళకే, ఆగస్టు 31న, మార్సియానో విమాన ప్రమాదంలో పోయాడు. తాను గెలిచాడో ఓడాడో తెలియకుండానే పోయాడు.

1970 జనవరి 20న అమెరికా థియేటర్లలో బొమ్మ పడింది. పదమూడో రౌండులో మార్సియానో అలీని పడగొట్టాడు. ఐరోపాలో చూపిన రీలులో మాత్రం గెలిచింది అలీ! కంప్యూటర్ ఒక్కటే, తీర్పులు రెండు. ఆ కంప్యూటర్‌ను అలబామాలో తయారు చేసి ఉంటారని అలీ వెక్కిరించాడంటారు. నల్లవాళ్ళను అణగదొక్కడంలో అలబామాకు అప్పట్లో ఉన్న పేరు అలాంటిది.

యంత్రాన్ని తప్పు పట్టను. అది పిండిమర లాంటిది, జొన్నలు పోస్తే జొన్నపిండే వస్తుంది. మార్కులు వేసింది మనుషులు. కానీ ఆ పదమూడో రౌండు అన్న అంకె దగ్గర నాకు ఆగాలనిపిస్తుంది. ఎందుకంటే మార్సియానో నిజంగా చాంపియన్ అయింది కూడా పదమూడో రౌండులోనే. 1952 సెప్టెంబర్‌లో జెర్సీ జో వాల్కాట్‌తో పోటీ. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి స్కోరు వేసే ముగ్గురి లెక్కలోనూ మార్సియానో వెనకే ఉన్నాడు. పదమూడో రౌండులో వాల్కాట్ తాడుకు ఆనుకున్న క్షణాన ఒకే ఒక్క కుడిచేతి దెబ్బ, వాల్కాట్ కూలబడ్డాడు.

ఇవాళ వృత్తి బాక్సింగ్‌లో మగవాళ్ళ ప్రపంచ టైటిల్ పోటీ పన్నెండు రౌండ్లే. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డక్-కూ పద్నాలుగో రౌండులో దెబ్బ తిని చనిపోయాక, పదిహేను రౌండ్ల పోటీలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. అంటే నేటి నిబంధనల కింద అయితే ఆ రాత్రి మార్సియానో ఓడిపోయేవాడు. 49-0 అన్న ఆ మహా రికార్డు, అదే మనిషి, అవే చేతులు, మూడు రౌండ్లు కోసేస్తే మాయం.

మేరీ, నిఖత్‌ల మధ్య కూడా ఇలాంటి గీతే ఉంది. మేరీ గెలిచిన మొదటి ఐదు ప్రపంచ టైటిళ్ళూ (2002 నుంచి 2010 దాకా) మీటలు నొక్కే కాలానివి. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకను వ్యవధిలో మీట నొక్కితేనే దెబ్బ లెక్కలోకి వచ్చేది. చటుక్కున దూసుకొచ్చి, స్పష్టంగా ఒక్కటి తగిలించి, తప్పుకునేవాళ్ళకు అది కలిసొచ్చే పద్ధతి. 2013 నుంచి రౌండుకు పది మార్కుల పద్ధతి వచ్చింది. ఇందులో రౌండు మొత్తం ఎవరి చెప్పుచేతల్లో నడిచిందో చూస్తారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు రెండేసి నిమిషాల రౌండ్లు నాలుగు, నిఖత్ కాలానికి మూడేసి నిమిషాలవి మూడు. మొత్తం మీద పెరిగింది ఒక్క నిమిషమే అనిపిస్తుంది. కానీ రెండు నిమిషాలు పరుగెత్తి కూర్చోవడం వేరు, ఊపిరి ఎగబోస్తుంటే మూడో నిమిషం కూడా చేతులు పైకెత్తి ఉంచడం వేరు.

ఇక బరువు. బ్రిటన్ హెవీవెయిట్ ఫ్రాంక్ బ్రూనో గుద్దును 1985లో శాస్త్రవేత్తలు కొలిచారు. పిడికిలి వేగం సెకనుకు 8.9 మీటర్లు, తగిలినప్పుడు గరిష్ఠ బలం 4,096 న్యూటన్లు, అంటే నాలుగు క్వింటాళ్ళ పైమాటే. మెత్త చుట్టిన ఆరు కిలోల కొయ్య సమ్మెట గంటకు 32 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలినట్టు అని వాళ్ళు పోలిక చెప్పారు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో పనిచేసినవాళ్ళకు సమ్మెట సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ఎత్తి వేసేటప్పుడు భుజం ఒక్కటే కాదు, నడుము, తొడ, నేల మీద ఆనిన మడమ, అన్నీ పనిచేస్తాయి. గుద్దూ అంతే. చేయి బరువు కొద్దే, దాని వెనక నిలబడే ఒళ్ళే అసలు సమ్మెట. అందుకే బాక్సింగ్‌లో తక్కువ బరువుల దగ్గర రెండు మూడు కిలోలకే ఒక తరగతి. మేరీ ఆరు టైటిళ్ళూ 48 కిలోల లోపువే. నిఖత్ మొదటిది 52లో, రెండోది 50లో.

హెవీవెయిట్‌కు మాత్రం పై హద్దు లేదు. మార్సియానో 85 కిలోల మనిషి. ఇవాళ పుట్టి ఉంటే 90.7 కిలోల హద్దున్న క్రూజర్‌వెయిట్‌లో ఆడేవాడు. టైసన్ ఫ్యూరీ 2024 డిసెంబర్‌లో తూగింది 127 కిలోలు. అలాగని పెద్ద ఒళ్ళే గెలుస్తుందా? ఆ తూకం తర్వాత రియాద్‌లో జరిగిన పోటీలో ఫ్యూరీని, తనకంటే పాతిక కిలోలు తక్కువున్న ఒలెక్సాండర్ ఉసిక్ ఓడించాడు. ముగ్గురు జడ్జీలూ 116-112 అన్నారు. ప్రయోగంగా పక్కన కూర్చోబెట్టిన కృత్రిమ మేధ 118-112 అంది. వొరోనర్ యంత్రానికి ఇది మనవరాలు. కాకపోతే ఇది జరిగిన పోటీని చూసి లెక్క వేసింది, జరగనిదాన్ని కాదు.

జరగనిదానికి చదరంగంవాళ్ళ దగ్గర ఒక కొలమానం ఉంది, ఆర్పాడ్ ఎలో పేరు మీద వచ్చిన రేటింగ్. వంద పాయింట్ల తేడా ఉంటే పైవాడికి వంద ఆటల్లో 64 పాయింట్లు రావాలి. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్‌లో 2801కి చేరాడు. పాతతరం ప్రపంచ విజేత బాబీ ఫిషర్ శిఖరం 2785. అంటే అర్జున్‌కు 52, ఫిషర్‌కు 48. ఇంత తేలికా? కాదు. రేటింగ్ చెప్పేది ఆ కాలంలో ఎదురు కూర్చున్నవాళ్ళ కంటే ఎంత ఎత్తులో ఉన్నాడనే. మానేరు నీటిమట్టం, కడెం నీటిమట్టం ఒకే స్కేలుతో కొలిచినా రెండింటి అడుగూ ఒకటి కాదు.

కాలాల్ని కలిపే వంతెనలు లేకపోలేదు. ఆర్చీ మూర్ అనే పెద్దాయన 1955లో మార్సియానోను ఒకసారి పడగొట్టి, చివరికి తొమ్మిదో రౌండులో ఓడాడు. అదే మూర్ 1962లో, 45 పైబడ్డాక, కుర్ర అలీ చేతిలో నాలుగో రౌండులో ఓడాడు. అలీ అయిదు రౌండ్లు ముందే ముగించాడు కాబట్టి అలీయే గొప్ప అందామా? మధ్యలో మూర్ ఏడేళ్ళు ముసలివాడయ్యాడే! ఢిల్లీ ట్రయల్‌ది కూడా ఇదే చిక్కు. అక్కడ ఒకరు దిగుతున్న మెట్టు మీద, ఇంకొకరు ఎక్కుతున్న మెట్టు మీద ఎదురుపడ్డారు.

పోనీ ఒకే కాలంవాళ్ళయితే వరుస కుదురుతుందా అంటే అదీ లేదు. ఫ్రేజియర్ 1971లో అలీని ఓడించాడు. ఫోర్‌మన్ 1973లో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు నేలకేసి కొట్టాడు. 1974లో కిన్షాసాలో అలీ ఫోర్‌మన్‌ను పడగొట్టాడు. ఇందులో పైనెవరు, కిందెవరు? ఒకరి పద్ధతి ఇంకొకరికి విరుగుడు, అంతే.

ఇంకో చిక్కు, ఆదిత్య 369 సినిమాలోలాగా కాలయంత్రం దొరికిందే అనుకుందాం. మార్సియానోను 1952లో ఉన్నవాణ్ణి ఉన్నట్టే తెస్తామా? లేక ఇప్పుడే పుట్టించి, ఇప్పటి తిండి, ఇప్పటి కోచ్‌లు, వీడియోలు ఇచ్చి పెంచుతామా? మొదటిది అన్యాయం. రెండోదాంట్లో వచ్చేవాడు మార్సియానోయే అని ఎవరు చెప్పాలి?

బోధన్ దగ్గర హున్సా అనే ఊళ్ళో హోలీనాడు పిడిగుద్దులాట జరుగుతుంది. నడుమ లావు తాడు, అటో జట్టు, ఇటో జట్టు. ఒక చేత్తో తాడు పట్టుకోవాలి, ఇంకో చేత్తో గుద్దాలి. కొద్ది నిమిషాల ఆట, అయ్యాక అలాయ్ బలాయ్. అలీని తెచ్చి ఆ తాడు దగ్గర నిలబెట్టండి. వెనక్కి జరగడానికి లేదు, చుట్టూ తిరగడానికి లేదు, ప్రపంచం మెచ్చిన ఆ కాళ్ళకు అక్కడ పనే లేదు. పదిహేను రౌండ్ల రింగులో నా పైసలు అలీ మీద. హున్సా తాడు దగ్గరైతే కళ్ళు మూసుకుని మార్సియానో మీద.

మేరీ, నిఖత్‌లంటారా? 48 కిలోలు, మీటల లెక్క, రెండు నిమిషాల రౌండ్లు అంటే మేరీ. 52 కిలోలు, పది మార్కులు, మూడు నిమిషాలు అంటే మా నిజామాబాద్ పిల్ల. 50 కిలోల దగ్గర ఆపారా, ఇంకో ఛాయ్ చెప్పుండ్రి.