పదిహేడో లూయీ ఏమయ్యాడు?

ఫ్రాన్సును 16వ లూయీ ఏలాడు, 18వ లూయీ ఏలాడు. మరి 17? వరుసలో అంకె తప్పితే కారణం వెతకడం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నాకు అబ్బిన అలవాటు.

ఆ అంకె ఒక పసివాడిది. 1793 జనవరి 21న విప్లవకారులు 16వ లూయీ తల నరికించారు. చెరలో ఉన్న అతని ఏడేళ్ళ కొడుకు లూయీ షార్ల్‌నే రాజుగా ఎంచారు రాజు పక్షంవాళ్ళు. ఒక్కరోజైనా ఏలకుండానే, 1795 జూన్ 8న, పదేళ్ళ వయసులో, ఆ పిల్లవాడు పారిస్ చెరసాలలోనే జబ్బుతో కన్నుమూశాడు.

1814లో గద్దెనెక్కిన బాబాయి 17ను అబ్బాయికే వదిలి, తాను 18వ లూయీ అయ్యాడు. దాచి ఉంచిన ఓ చిన్న గుండె ఆ తల్లి వంశానిదేనని 2000లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. 2004లో దాన్ని రాజుల సమాధులున్న సాన్ దెనీ చర్చిలో ఉంచారు.

పిల్లలూ! చరిత్రలో అంకె తప్పినచోట ఆగి అడగండి. అక్కడ మీ ఈడువాడే ఉండొచ్చు.