లైసెన్సు కాగితమూ, ఓనరు సంతకమూ

వ్యాపారం చట్టప్రకారం నడుస్తోందని సర్కారు ఇచ్చే కాగితానికి కులం లేదని చదువుకున్నవాళ్ళు చాలామంది నమ్ముతారు. దరఖాస్తు ఫారం చూస్తే వాళ్ళ మాట నిజమేననిపిస్తుంది కూడా. ఆహార వ్యాపారం రిజిస్ట్రేషన్ కోసం 2011 నియమాలు పెట్టిన 'ఫారం ఎ'లో కులం గడి లేదు. పేరు అడుగుతారు. ఏం వండుతారు, ఎక్కడ వండుతారు, నీళ్ళు ఎక్కడివి అని అడుగుతారు. అయితే ఊరినీ వాడనీ విడగొట్టి కట్టిన ఈ దేశంలో 'ఎక్కడ' అన్న ప్రశ్నకి కులం తగలకుండా జవాబు చెప్పగలిగేది ఎవరు? చోటు అడగడమంటే చుట్టూ తిరిగి కులం అడగడమే. కాగితం అందరికీ ఒకటే అనేవాళ్ళకి ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, మనలో చాలామంది ఇళ్ళల్లో జరిగేదే. ఒక మాదిగ కుటుంబంలో అక్కా తమ్ముడూ జిల్లా కేంద్రంలో కర్రీ పాయింట్ పెడదామనుకున్నారు. అక్క హాస్టల్లో పదేళ్ళు వంట చేసింది. రెండొందల మందికి పప్పు ఎంత, ఉప్పెంత అని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. తమ్ముడు డిగ్రీ దాకా చదివాడు. చేతిలో కాస్త డబ్బుంది. ఇంక కావాల్సింది లైసెన్సు.

2006లో చేసిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకొచ్చింది. అప్పటి నియమాల్లో ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉన్నవాళ్ళకి రిజిస్ట్రేషన్ చాలన్నారు, అంతకు మించితే లైసెన్సు. రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలు పెట్టారు. (ఈ గీతలూ ఫీజులూ సవరణలతో మారేవే. దరఖాస్తు పెట్టే నాటికి ఏది అమల్లో ఉందో చూసుకోవాలి.) కాగితం వస్తే దాని మీద 14 అంకెల నంబరు ఉంటుంది. దాన్ని కొట్లో అందరికీ కనపడేట్టు తగిలించాలి. ఆ నంబరు లేకపోతే ఇంటికి భోజనం చేరవేసే యాప్ కంపెనీలు చేర్చుకోవు, పెద్ద సంస్థల క్యాంటీన్ టెండర్లో అడుగు పెట్టనివ్వరు. అంటే ఆ కాగితం తనిఖీ వాళ్ళకి చూపించుకునే రుజువు మాత్రమే కాదు, బజార్లోకి పోవడానికి టికెట్ కూడా.

ఇక్కడి దాకా చట్టాన్ని తప్పు పట్టేది పెద్దగా లేదు. నిజం చెప్పాలంటే 2011 నియమాల్లో చిన్నవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటుంది. దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారి రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి నోటీసు ఇవ్వాలి. 7 రోజుల్లో ఇవేవీ చెయ్యకపోయినా, 30 రోజుల్లో నిర్ణయం తెలపకపోయినా వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చు, ఆ తర్వాత అధికారి చెప్పిన మార్పులు చేసుకోవాలి. ఈ సంగతి మనవాళ్ళలో ఎందరికి తెలుసు? ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి బ్రోకరు చేతిలో వేలు పోసి వస్తారు. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు చేతిలో ఉంటే ఆ తిరుగుడు సగం తగ్గుతుంది.

చిక్కంతా చిరునామా దగ్గర మొదలవుతుంది. లైసెన్సుకి జతచేసే కాగితాల్లో ఆ చోటు మీ స్వాధీనంలో ఉన్నదనే రుజువు ఒకటి. సొంతమైతే దస్తావేజు, కిరాయిదైతే అగ్రిమెంటు, కరెంటు బిల్లులాంటివి. జీఎస్టీ నంబరుకి పోయినా వ్యాపారం చేసే చోటు చూపించాలి. కిరాయి కొట్టయితే అగ్రిమెంటు, దానితోపాటు ఓనరు పేరున ఉన్న పన్ను రసీదో కరెంటు బిల్లో పెట్టాలి. మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సుదీ ఇదే దారి. మూడు ఆఫీసులు, మూడు చట్టాలు. మూడింటికీ తాళంచెవి మాత్రం ఒక్కడి చేతిలోనే ఉంది. ఆ ఒక్కడూ సర్కారు మనిషి కాదు, కొట్టు ఓనరు.

ఓనరు అగ్రిమెంటు రాయడానికి వెనకాడ్డం అందరి విషయంలోనూ ఉన్నదే. ఏడాదికి మించిన లీజయితే రిజిస్ట్రేషన్ చేయించాలి గనక 11 నెలలకే రాస్తారు. ఇంటి మీటరు కమర్షియల్ మీటరవుతుంది, ఆస్తిపన్ను పెరుగుతుంది. ఇవన్నీ నిజమైన కారణాలే. అయితే ఈ కారణాలు ఎవరి విషయంలో కరుగుతాయి, ఎవరి విషయంలో గడ్డకడతాయి అన్నది చూడాలి. తమ కులపోడైతే, వియ్యంకుడి ఊరివాడైతే కాగితం తెల్లారేసరికి వస్తుంది. మనవాడు పోతే ముందు ఇంటిపేరు, తర్వాత ఊరు, ఆ తర్వాత "మీరేమిటోళ్ళు?" పేరులో ఏసుపాదమో మరియమ్మో ఉంటే ఆ మూడో ప్రశ్న కూడా అక్కర్లేదు. "మావాడే ఏదో పెడతానంటున్నాడండీ" అని నవ్వుతూ చెప్పి పంపిస్తారు. 'శాకాహారులకు మాత్రమే' అని టులెట్ బోర్డు రాసేవాళ్ళు ఆ నవ్వు శ్రమ కూడా పెట్టుకోరు.

వాడలో సొంత ఇల్లుంది కదా, అక్కడే వండుకోవచ్చు కదా అంటారు. నిజమే, ఇంట్లో వండి అమ్మడాన్ని చట్టం కాదనలేదు. కాని ఆ ఇంటి పట్టా తాత పేరున ఉంటుంది. కరెంటు బిల్లూ ఆయన పేరునే. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా పేరు మార్పించే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఫారంలో నీళ్ళ గడి ఉంది చూశారా, పబ్లిక్ సరఫరానా, ప్రైవేటా అని? వాడ కుళాయికి రెండ్రోజులకోసారి నీళ్ళొస్తుంటే ఏం రాయాలి? 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగడానికి ఊరేగింపు తియ్యాల్సొచ్చిన జనానికి ఇది చిన్న గడి కాదు. ఇవన్నీ దాటి కాగితం తెచ్చుకున్నా దాని మీద వాడ పేరు అచ్చై ఉంటుంది. తగిలించిన ఆ కాగితంలో చిరునామా చదివి ఎందరు కూర కట్టించుకుని పోతారు?

ఇది కొత్త సంగతేం కాదు. 1917లో అంబేడ్కర్ కొలంబియా చదువుతో బరోడా సంస్థానంలో కొలువుకి పోయాడు. మహారాజు ఇచ్చిన ఉద్యోగం ఉంది, విదేశీ డిగ్రీ ఉంది. తలదాచుకోను అద్దె గది దొరకలేదు. పేరు దాచి పార్సీ సత్రంలో ఉంటే కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. తర్వాత బొంబాయిలో వాటాలు, పెట్టుబడుల మీద సలహాలిచ్చే వ్యాపారం పెట్టాడనీ, ఆయన అంటరానివాడని తెలిసి ఖాతాదారులు రావడం మానేశారనీ జీవితచరిత్ర రాసినవాళ్ళు చెప్పారు. అర్హత పత్రాలు ఎన్నున్నా చోటూ గిరాకీ కులం చేతిలో ఉన్నాయన్నది ఆయన అనుభవంలోనే తేలింది.

చట్టం లేదా అంటే ఉంది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ అంటరానితనం పేరుతో వృత్తినీ వ్యాపారాన్నీ అడ్డుకోవడం నేరమంది. 2015లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించి, ఎస్సీ ఎస్టీలు వ్యాపారం చేసుకోకుండా అడ్డుపడటాన్నీ, సాంఘిక, ఆర్థిక బహిష్కరణనీ మూడో సెక్షన్లో చేర్చారు. అయితే నవ్వుతూ లేదన్న ఓనరు మీద కేసు ఎట్లా పెడతారు? ఆయన కులం మాటే ఎత్తలేదు కదా. తిట్టిన నోటికి సాక్ష్యం దొరుకుతుంది, రాయని అగ్రిమెంటుకి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఒక విచిత్రం చూడండి. 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో యజమాని ఎస్సీనా, ఎస్టీనా, ఓబీసీనా అని గడి ఉంది. ఆ రిజిస్ట్రేషన్‌కి కాగితాలు జతచెయ్యక్కర్లేదు, ఆధార్‌తో సొంతంగా ప్రకటించుకుంటే చాలన్నారు. కులం పైకి అడిగిన చోట ఓనరు సంతకం అడగలేదు, కులం అడగని చోట ఆ సంతకమే అడ్డమొచ్చింది. ఉద్యమ్ అనేది చిన్న పరిశ్రమగా గుర్తింపే, వండి అమ్ముకోను అనుమతి కాదు, ఒప్పుకుంటాను. కాని మనిషి మాటని నమ్మి నంబరివ్వడం సర్కారుకి చేతనవునని అది చూపించింది. కిరాయి చోటుకి కూడా, తనిఖీకి లోబడి, సొంత ప్రకటన చాలు అనమని అడగడానికి మనకి ఇంతకంటే ఆధారం ఏం కావాలి? వంటగది శుభ్రంగా ఉందో లేదో ఓనరు సంతకం చెప్పలేదు కదా, తనిఖీకొచ్చినవాడు చెప్పాలి.

చోటు దొరకనివాళ్ళు రోడ్డు మీదికి వస్తారు. కర్రీ పాయింట్ కాస్తా తోపుడు బండవుతుంది. ఆహార చట్టంలో బండివాళ్ళకీ తాత్కాలిక దుకాణం వాళ్ళకీ రిజిస్ట్రేషన్ మార్గం ఉంది. దానితోపాటు 2014 వీధి వ్యాపారుల చట్టం కింద వెండింగ్ సర్టిఫికెట్ ఉంది. బస్టాండు దగ్గర గొడుగు కింద చెప్పులు కుట్టేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. ఇందులో ఓనరు లేడు. సర్వేలో పేరెక్కడమే ముఖ్యం. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని మూడో సెక్షన్ చెబుతుంది. సర్టిఫికెట్లిచ్చే పద్ధతిలో ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం పెట్టుకోవచ్చని ఏడో సెక్షన్. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో ఎస్సీలకి తగిన చోటివ్వాలి. మీ పట్టణంలో ఆ కమిటీ ఉందా, అందులో మనవాళ్ళెవరు, సర్వే ఎప్పుడు చేశారు, జాబితాలో ఎస్సీలెందరు? ఈ నాలుగూ సమాచార హక్కు కింద మునిసిపల్ కమిషనరుని అడగొచ్చు. విద్యార్థి సంఘాలు ఒక్క సెలవుల్లో చెయ్యగలిగిన పని ఇది. మునిసిపల్ దుకాణాల కేటాయింపులో రిజర్వేషన్ ఉన్న చోట ఎస్సీ పేరున ఉన్న కొట్టు ఎవరు నడుపుతున్నారో కూడా అదే కాగితంలో అడగండి.

బండి ఎత్తుకుపోయినప్పుడు ఏం చెయ్యాలన్నది 19వ సెక్షన్లో ఉంది. పట్టుకున్న సరుకుల జాబితా రాసి, అధికారి సంతకం చేసి, నకలు వ్యాపారికి ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజునే వదిలిపెట్టాలి, మిగతావి రెండు పనిదినాల్లోగా. లారీ కదలకముందే ఆ జాబితా అడగాలి.