నెమరు: దొడ్లో పుట్టిన మాట

'మధుర స్మృతులను నెమరువేసుకున్నారు.' పూర్వ విద్యార్థుల కలయిక గురించిన వార్తల్లో ఈ వాక్యం తరచూ కనిపిస్తుంది. నాకు మాత్రం ఈ మాట పత్రికల కంటే ముందు దొడ్లో తెలుసు. మా నాయన పాలేరు. తెల్లారకముందే ఆసామి దొడ్డికి పోయి ఆయన మొదట చూసేది గొడ్లు నెమరేస్తున్నాయా లేదా అని. 'ఎర్రావు రాత్రి నుంచీ నెమరెయ్యట్లేదయ్యా' అంటే ఆసామి గుండెల్లో రాయి పడేది. నెమరు ఆగిందంటే గొడ్డుకు జబ్బు చేసినట్టే. పాలేరు రెండు పూటలు అన్నం తినకపోతే మాత్రం అడిగే దిక్కు లేదు.

ఇంతకీ నెమరు అంటే ఏమిటి? ఆవు, గేదె, మేక, గొర్రె మేసేటప్పుడు మేతను సరిగా నమలవు. గబగబా మింగేస్తాయి. వాటి పొట్టలో నాలుగు గదులుంటాయి. మింగిన మేత ముందు పెద్ద గదిలో నానుతుంది. తర్వాత నీడన పడుకున్నప్పుడు దాన్ని ముద్ద ముద్దగా నోట్లోకి తెచ్చుకుని, మెత్తబడిందాకా నమిలి మళ్లీ మింగుతాయి. ఆవు రోజులో ఏడెనిమిది గంటలు ఈ పనిలోనే ఉంటుంది. కనుక నెమరు రుచి కోసం కాదు, అరగడం కోసం.

పండితులు దీన్ని రోమంథం అన్నారు. ఆ మాట నిఘంటువుల్లోనే ఉండిపోయింది. జనం నోట నిలిచింది గొడ్లు కాసినవాళ్ల మాటే. అయితే రాతలోకి ఎక్కాక అది కులం మార్చుకుంది. ఎక్కువగా తీపి జ్ఞాపకాలకే అతుక్కుపోయింది. గొడ్డు తీపి గడ్డిని ఏరుకుని నెమరెయ్యదు. ఏది మింగిందో అదే పైకి తెచ్చుకుంటుంది.

మన వాడుకలో నెమరు పక్కనే ఇంకో రెండు మాటలున్నాయి. దిగమింగడం, నీళ్లు నమలడం. ఆసామి తిట్టిన తిట్టును దిగమింగాలి. ఎదురు చెప్తే పని పోతుంది. జవాబు చెప్పాల్సిన చోట నోరు పెగలకపోతే నీళ్లు నమలడం. నేను యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఒక అధ్యాపకుడు 'మీ నాన్నగారేం చేస్తుంటారు?' అని అడిగారు. కాసేపు నీళ్లు నమిలి 'వ్యవసాయం' అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. పొలం ఎవరిదో చెప్పలేదు. పదేళ్లయింది. ఆ జవాబును ఇంకా నెమరేస్తూనే ఉన్నాను.

ఇది నా ఒక్కడి సంగతే అయితే రాయనక్కర్లేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల బకెట్టు కడగొద్దన్నందుకు మొదలైన తగాదా అది. సుప్రీంకోర్టు తీర్పు 2008లో గానీ రాలేదు. జూలై 17న సభ పెడితే 'ఇంకా పాతవే నెమరేస్తారేంటి, వదిలెయ్యరా?' అనేవాళ్లున్నారు. పూర్వ విద్యార్థులు నెమరువేసుకుంటే అది అనుబంధం, మనం నెమరేస్తే కక్షా?

దీనికి జవాబు దొడ్లోనే ఉంది. భయంలోనో తొందరలోనో మింగింది అరగాలంటే పైకి తెచ్చి నమలాల్సిందే. మా నాయన మింగినవి చాలా ఉన్నాయి. నీడన కూచుని వాటిని నెమరేసే తీరిక ఆయనకు దొరకలేదు. చదువు వల్ల ఆ తీరిక మొదటిసారి మనకొచ్చింది. విద్యార్థులు సెలవులకు ఇళ్లకు పోయినప్పుడు అమ్మానాన్నల దగ్గర కూచోండి. ఎవరి పొలంలో చేశారు, ఎంతకి చేశారు, ఏ మాట పడ్డారు, ఏ మాట అనలేకపోయారు అని అడగండి. వాళ్లు చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వాళ్లు మొదట్లో నీళ్లు నములుతారు. తొందరపెట్టకండి.